తన ఫైలుపై తానే వ్రాసికొను ప్రోగ్రాములు

పూర్వపు కంప్యూటరు ప్రోగ్రాములలో నొక యాచార ముండెను. వాడుకరి తనకు నీలిరంగు తెర కావలెనని గాని, తన ముద్రణయంత్రము ఫలానా జాతిదని గాని యొకమాఱు తెలిపెనేని, ప్రోగ్రా మా సంగతిని వేఱొక ఫైలులో దాచక, తన స్వంత ఫైలునే తెఱచి, అందులోని కొన్ని బైట్లను మార్చి, ఆ కోరిక నచ్చటనే వ్రాసికొనుచుండెను. మఱునాడు దానిని నడపినప్పుడు నీలితెరయే కనబడును. ఈ కాలపు బోధనాగ్రంథములు దీనిని తప్పుగా నెంచి త్రోసివేయుచున్నవి. మా యభిప్రాయము వేఱు. ఆ యాచారము పుట్టిన కాలమునకు అది తగినదే. దానిని విడిచిన కాలమునకు విడుచుటయు తగినదే. ఏల పుట్టినదో, ఏల పోయినదో యెఱుగక, ఈనాడు దానిని చేసిన పిల్లవానిని దొంగనుగా జూచుట మాత్రము తగదు. ఈ సంవత్సరము మా కంప్యూటరు గదిలో జరిగిన యొక చిన్న కలకలమే యీ వ్యాసమునకు కారణము. దానిని దాని స్థానమున జెప్పెదము.

తలిదండ్రులలో ననేకులకు ఈ పనితో పరిచయము తక్కువ గనుక మొదట కొన్ని మాటలు చెప్పుదుము. ప్రోగ్రామనగా యంత్రము వరుసగా నెఱవేర్చవలసిన యాజ్ఞల పట్టిక. ఆ పట్టిక డిస్కుమీద నుండు రూపమునకు ఫైలని పేరు. యంత్రము తిన్నగా నడపగల ఫైలును ఎగ్జిక్యూటబుల్ ఫైలందురు. ఫైలు కొలతకు బైటు ప్రమాణము. ఆంగ్లాక్షర మొకటి యొక బైటులో నిముడును. నేడు వాడుకలో నున్న యూటీఎఫ్-8 పద్ధతిలో మన 'క' కు 3 బైట్లు, 'కా' కు 6, 'క్షా' కు 12 పట్టును. మన యక్షరములకు పొదుపు తెలియదని కంప్యూటరువారు నవ్వుకొనిన నవ్వుకొందురు గాక. ఇక, వాడుకరి యిష్టమునుబట్టి మాఱునట్టి రంగు, అక్షరముల పరిమాణము, ఆటలో నదివఱకు వచ్చిన మిక్కిలి హెచ్చు మార్కులు మొదలగువానిని సెట్టింగులందురు. మేము అమరికలందుము. ఆజ్ఞలు అందఱికి నొక్కటే. అమరికలు ఎవరివి వారివి. ఈ భేదమును మనసున నుంచుకొని చదువగోరెదము.

1974లో అమెరికాదేశస్థుడగు గారీ కిల్డాల్ సీపీఎమ్ అను ఆపరేటింగు సిస్టమును రచించెను. దానియందు నడచు ప్రోగ్రాముల పేర్లకు 'కామ్' అను తోక యుండెడిది. 1981లో ఐబీఎమ్ పర్సనల్ కంప్యూటరుతో గూడ వచ్చిన డాస్ సైత మా తోకనే స్వీకరించినది. కామ్ ఫైలు గుణమేమనగా, అది డిస్కుమీద నెట్లున్నదో మెమరీలోను అట్లే యుండును. ఒక బైటు హెచ్చదు, ఒక బైటు తగ్గదు. మెమరీలో మొదటి 256 బైట్లను సిస్టము తన పనులకై యుంచుకొని, 256వ సంఖ్య గల స్థానము మొదలుకొని ఫైలును దింపును. లెక్క సున్నతో మొదలగును గనుక, మెమరీలో 259వ స్థానమున నున్న బైటు ఫైలులో 3వ స్థానమున నుండును. తీసివేత వచ్చిన బాలుడు దానిని కనుగొనగలడు.

ఈ సౌలభ్యమును ఆనాటి రచయిత లిట్లు వాడుకొనిరి. ఫైలు మొట్టమొదట 'ఫలానా చోటికి దుముకుము' అను 3 బైట్ల యాజ్ఞ నుంచుదురు. దాని వెనుకనే కొన్ని బైట్ల గది యుండును: తెర రంగునకొకటి, వ్రాత రంగునకొకటి, ముద్రణయంత్రమునకొకటి, ఇట్లు. ఆ గదిని దాటిన పిమ్మట అసలు పని మొదలగును. అమరికను మార్చవలసినప్పుడు ప్రోగ్రాము తన ఫైలును పేరుపెట్టి తెఱచి, ఆ గది యున్న స్థానమునకు జరిగి, క్రొత్త బైటును వ్రాసి, మూసివేయును. అంతియే పని. చదువవలసిన రెండవ ఫైలు లేదు. దానిలోని మాటల నర్థము చేసికొనుటకు వేఱు యాజ్ఞలును అక్కఱలేదు. ప్రోగ్రాము మెమరీలోనికి వచ్చునప్పుడే దాని యమరికలును దానితోడనే వచ్చి యథాస్థానమున గూర్చుండును. ఇందొక ముల్లు మాత్ర ముండెను. తన ఫైలును తెఱచుటకు తన పేరును, తానున్న చోటును ప్రోగ్రాము ఎఱుగవలెను గదా! 1984లో డాస్ 3.0 వచ్చువఱకు సిస్టము ఆ సంగతి ప్రోగ్రామునకు జెప్పెడిది కాదు. వాడుకరి ఫైలు పేరు మార్చినయెడల, పాపము, ప్రోగ్రాము తన్ను తానే వెదకికొని దొరకక తెల్లబోవుచుండెను.

ఇవి యెవరో యనామకులు చేసిన చిల్లర పనులు కావు. 1978లో మైక్రోప్రో కంపెనీవారు వెలువరించిన వర్డ్‌స్టార్ అను లేఖనసాధనమును రాబ్ బార్నబీ రచించెను. ఆ కాలమున తెరలును ముద్రణయంత్రములును ఏ కంపెనీవి యా కంపెనీ భాషయే మాటలాడెడివి. అక్షరమును నల్లగా దిద్దుమనుటకు ఒకదాని సంకేతము వేఱు, మఱియొకదాని సంకేతము వేఱు. కావున ఇన్‌స్టాల్ అను తోడి ప్రోగ్రాము వాడుకరిని ప్రశ్నలడిగి, వచ్చిన యుత్తరములను వర్డ్‌స్టార్ ఫైలులోనే చెక్కి యిచ్చెడిది. ఏ స్థానమున నేమున్నదో తెలుపు పట్టికలు సైతము లభించుచుండుటచేత, సాహసముగలవారు స్వహస్తముతో దిద్దుకొనెడివారు. 1987 నాటి నాలుగవ కూర్పునకు డబ్ల్యుఎస్ ఛేంజ్ అను తోడి ప్రోగ్రాము ఆ పనియే చేసినది. జార్జి ఆర్. ఆర్. మార్టిన్ అను ప్రసిద్ధ నవలాకారుడు తాను ఆ నాలుగవ కూర్పుననే తన నవలలు వ్రాయుచున్నట్లు 2014లో నొక టెలివిజను సంభాషణయందు జెప్పెను. పాతబడిన పనిముట్టు చెడిన పనిముట్టు కానక్కఱలేదు.

1983లో బోర్లాండ్ కంపెనీవారు 49.95 డాలర్ల వెలకు విక్రయించిన టర్బో పాస్కల్ మఱియొక యుదాహరణము. వ్రాతకు, తప్పులు పట్టుటకు, యంత్రభాషలోనికి మార్చుటకు గల సాధనములన్నియు నొక్క ఫైలున నిమిడియుండెను. దాని 3.02వ కూర్పు పరిమాణ మంతయు 39,731 బైట్లు. మన సెల్‌ఫోనులో దీసిన యొక ఛాయాచిత్రమును దీనితో బోల్చి చూచిన విద్యార్థు లాశ్చర్యపడక మానరు. దీనికి టిన్‌స్ట్ అను తోడి ప్రోగ్రాముండెను. మీటల పనులను, తెర జాతిని అది టర్బో ఫైలులోనే దిద్దెడిది. ఇక వెర్నన్ బ్యూర్గ్ రచించిన లిస్ట్ అను చిన్న ప్రోగ్రామునకు తోడి ప్రోగ్రాము సైతము లేదు. నడచుచుండగనే ఆల్ట్ మీటతో సీ మీటను నొక్కినచో, అప్పటి రంగులతో, అప్పటి అలవాట్లతో తన ప్రతిని తానే వ్రాసివైచుచుండెను. దీనికి 'క్లోన్' అని పేరు.

ఇట్లేల చేసిరి? సోమరితనముచేత కాదు. ఆ కాలపు ఫ్లాపీ డిస్కు లెక్క చూచిన తెలియగలదు. 1983లో డాస్ 2.0తో వ్యాప్తికి వచ్చిన ఫ్లాపీ 360 కిలోబైట్లు పట్టును. దానిలో చోటు 1,024 బైట్ల చొప్పున ముక్కలుగా బంచబడును. అంతకు తక్కువ యిచ్చు వాడుక లేదు. పది బైట్ల యమరికలకై వేఱు ఫైలు పెట్టినచో 1,024 బైట్లు ఖర్చగును, 1,014 వ్యర్థము. ఆ డిస్కు మొదటి పట్టికలో 112 పేర్లకు మించి వ్రాయరాదు. ఈ చిన్న ఫైలు అందులో నొక పేరును మ్రింగును. అదే 39,731 బైట్ల టర్బో పాస్కల్ ఫైలునకు 39 ముక్కలు, అనగా 39,936 బైట్లు, ఎట్లును ఈయవలసినదే. అందులో 205 బైట్లు ఊరక పడియుండును. కావున అమరికలు ఫైలులోపలనే యున్నయెడల వానికై డిస్కుమీద నొక్క బైటు కూడ హెచ్చుగా ఖర్చు కాదు. 1983లో ఐబీఎమ్ ఎక్స్‌టీతో వచ్చిన 10 మెగాబైట్ల హార్డుడిస్కులో ముక్క 4,096 బైట్లు. అక్కడ పది బైట్ల ఫైలు పెట్టుట యింకను దుబారా. వీరు పొదుపరులు. పొదుపు నెన్నడును మేము దోషమనము.

పొదుపునకు మించిన గుణము మఱియొకటి యుండెను. ప్రోగ్రాము ఫైలు నొకదానిని నకలు తీసికొని పోయినచో సర్వము వచ్చినట్లే. మిత్రుని యింట యంత్రమునకు ఫ్లాపీని తొడిగిన, మన రంగులు, మన మీటలు, మన యలవాట్లు అచ్చట సిద్ధముగా నుండును. ఎక్కడనో దాగియున్న రెండవ ఫైలును మఱచి వచ్చితినే యను చింత లేదు. తాను శ్రుతిచేసికొనిన తంబురను చంకబెట్టుకొని పోవువాని సుఖ మది.

అయితే ఈ సుఖమంతయు నొక మాటమీద నిలిచియున్నది: ఒక డిస్కు, ఒక మనుష్యుడు. రెండవ మనుష్యుడు వచ్చినతోడనే చిక్కు వచ్చును. 1980లలోనే కార్యాలయములందును పాఠశాలలందును నెట్‌వర్కులు వ్యాపించినవి. నెట్‌వేర్ వంటి యేర్పాట్లలో నొక ప్రోగ్రాము ప్రతిని సర్వరుమీద నుంచి, ముప్పదిమంది దానినే నడపుదురు. అప్పుడు ముందు వరుసలోని బాలుడు ఎఱ్ఱరంగు కోరినచో వెనుక వరుసలోని బాలికకు సైతము ఎఱ్ఱరంగే ప్రాప్తించును. ఇద్దఱొక్కమాఱే వ్రాసిన మాట చెప్పనే యక్కఱలేదు. కావున నిర్వాహకులు ఆ ఫైలుపై వ్రాయరాదని తాళము వేసిరి. తాళము వేసినతోడనే తనపై దాను వ్రాసికొను ప్రోగ్రాము పని చెడినది. గ్రంథాలయపు పుస్తకమునకును స్వంత నోటుపుస్తకమునకును గల భేదము మా విద్యార్థు లెఱుగుదురు. స్వంత పుస్తకపు అంచున వ్రాసికొనుట చదువునకు గుఱుతు. గ్రంథాలయపు పుస్తకపు అంచున వ్రాయుట జరిమానాకు దారి. వ్రాత యొక్కటే, పుస్తకము మాఱినది.

క్రొత్త కూర్పు వచ్చినప్పుడు పాత ఫైలుతో బాటు పాత యమరికలును నశించుట మఱియొక కష్టము. సీడీ వచ్చిన తరువాత దానిమీద వ్రాయుటయే సాధ్యము కాలేదు. ఇవి సులభముగా దెలియునవి, వీనిపై నిలువము.

అసలు దెబ్బ వైరసులవలన దగిలెను. 1987లో వియన్నా అను పేర బ్రసిద్ధి కెక్కిన వైరసు కామ్ ఫైళ్ల నెట్లు పట్టుచుండెనో వినుడు. అది ఫైలును తెఱచి, తన దేహమును దాని తుదకు జేర్చి, మొదటనున్న 3 బైట్లను మార్చి, ఆ స్థానమున తన దేహమునకు దుముకుమను నాజ్ఞను వ్రాయును. పట్టిన ఫైలును మఱల పట్టకుండుటకై, ఫైలు వ్రాసిన కాలములోని సెకనులను 62గా గుఱుతు పెట్టుకొనును. ఏ గడియారమును 62వ సెకనును చూపదు గదా! ఆ యేడే కనబడిన జెరూసలేము వైరసు తేదీ 13, వారము శుక్రవారము కలిసిన దినమున, నడపబోయిన ప్రోగ్రాము నెల్ల చెఱిపివేయుచుండెను.

ఇప్పు డొకమాఱు వెనుకకు జూడుడు. అమరికలు దాచుకొను మంచి ప్రోగ్రామేమి చేయును? నడపబడు ఫైలును తెఱచును, స్థానమునకు జరుగును, బైట్లు వ్రాయును, మూయును. వైరసేమి చేయును? అదియే. యంత్రమునకు కనబడునది క్రియ మాత్రమే, సంకల్పము కనబడదు. వియన్నా మార్చు 3 బైట్లు, మన సాధు రచయిత మొట్టమొదట నుంచిన యా 3 బైట్లే. అమరికల గది దాని ప్రక్కనే యున్నది. కావలివాడు వీరిలో నెవరు యజమానియో, ఎవరు దొంగయో యెట్లెఱుగును?

కావలివారు కనుగొనిన యుపాయములలో నొకటి యిది. ప్రతి ఫైలులోని బైట్లన్నిటినుండి యొక లెక్క కట్టి, ఆ సంఖ్యను వ్రాసియుంచుట. మఱునాడు మఱల లెక్క కట్టి, సంఖ్య మాఱినచో హెచ్చరించుట. 1993లో వచ్చిన ఎమ్మెస్-డాస్ 6.0లోని వైరసు నిరోధక ప్రోగ్రాము ఇట్టి సంఖ్యలను చెక్‌లిస్ట్ అను నర్థము గల పేరుతో డైరెక్టరీలలో దాచుచుండెను. తనపై దాను వ్రాసికొను ప్రోగ్రాము ఈ పరీక్షకు నిలువదు. అది రంగు మార్చినప్పుడెల్ల గంట మ్రోగును. పదిమాఱులు వట్టిగంట మ్రోగిన యింట పదునొకండవమాఱు ఎవరును లేచి చూడరు. మా దృష్టిలో ఈ యాచారముయొక్క యసలు కీడు ఇదియే. ఆ ప్రోగ్రాము తనకై తాను చెఱుపు చేయదు. ఇతరులు చేసిన చెఱుపును గుర్తించు శక్తిని మనకు లేకుండ జేయును.

ఇక మా గదిలోని కలకలము. పదవ తరగతి విద్యార్థి యొకడు శాస్త్రప్రదర్శనమునకై ఎక్కముల పోటీ ప్రోగ్రాము నొకదానిని వ్రాసెను. మన పాఠశాలలలో నింకను పలుచోట్ల వలెనే మా యొద్దను టర్బో సీ అను పాత సాధనమును డాస్‌బాక్సులో నడపుచున్నాము. అతడు మిక్కిలి హెచ్చు మార్కులను రెండు బైట్లలో, అనగా 65,535 వఱకు, ప్రోగ్రాము ఫైలులోనే వ్రాసికొనునట్లు చేసెను. ఎవరును నేర్పలేదు. టర్బో సీతో వచ్చిన టీసీఇన్‌స్ట్ అను తోడి ప్రోగ్రాము అసలు ఫైలును మార్చుట చూచి, అది యెట్లు సాధ్యమని నాలుగు దినములు తల పగులగొట్టుకొని కనుగొనెను. ప్రదర్శనమునాటి యుదయము ఆ యంత్రములోని వైరసు నిరోధక ప్రోగ్రాము దాని ఫైలును పట్టి వేఱుగా బంధించెను. వార్త వరండా దాటులోపల 'వైరసు వ్రాసినాడు' అని పెరిగెను. తండ్రిని పిలిపింపవలెనన్నవారును ఉండిరి. బాలుడు మా యెదుట నిలిచి, "వైరసు కాదండి మాష్టారూ, మార్కులు దాచుకున్నానంతేనండి" అని మాత్రము చెప్పగలిగెను.

ఆ ఫైలు పాత ప్రతిని, క్రొత్త ప్రతిని ప్రక్కప్రక్కన బెట్టి బైటు బైటుగా పోల్చితిమి. మాఱినవి రెండే బైట్లు, రెండును మార్కులవే. తండ్రిని పిలిపించినది నిజమే, కాని కుమారుని బుద్ధిని జూపుటకు. ఆ బాలుడు చేసిన పని 1983లో నైనచో వెలకు అమ్ముడుపోదగినది. ఈనాడు దానిని వేఱొక రీతిని జేయవలెనని చెప్పుట యుపాధ్యాయుని పని. దొంగయని పేరుపెట్టుట యుపాధ్యాయుని పని కాదు. గంట మ్రోగించినందుకు కావలి ప్రోగ్రామును గూడ మేము నిందింపము. అది చూడగలిగినంతయే చూచినది. నిందింపదగినవారు, గంట విన్నంతనే తీర్పు చెప్పినవారు.

ఈ కాలమున ఫైలుపై వ్రాయుట ఎంత దుర్ఘటమైనదో కొంచెము చెప్పుదుము. 1996లో మైక్రోసాఫ్టువారు ఆథెంటికోడ్ అను ముద్రను బ్రవేశపెట్టిరి. ప్రోగ్రాము వ్రాసినవారు దాని బైట్లనుండి కట్టిన లెక్కపై తమ రహస్యసంఖ్యతో ముద్ర వేయుదురు. పిమ్మట నొక బైటు మాఱినను ముద్ర చెల్లదు. 2007 జనవరిలో జనసామాన్యమునకు లభ్యమైన విండోస్ విస్టాలో, ప్రోగ్రాములుండు స్థలమున సామాన్య వాడుకరి వ్రాయజాలడు. పాత ప్రోగ్రాములు తమ చిన్న ఫైళ్లను అచ్చట వ్రాయబోయినచో, విస్టా వానిని రహస్యముగా వాడుకరి స్వంతగదికి మళ్లించును. కాని నడచు ఫైళ్లకు మాత్ర మీ కనికరము లేదు, వాని వ్రాత విఫలమే. 2020లో ఆపిల్‌వారు స్వంత ప్రాసెసరుతో దెచ్చిన మాక్ యంత్రములలో ఆ ప్రాసెసరుకై సిద్ధపఱచిన ఏ ప్రోగ్రామైనను ముద్ర లేక నడువనే నడువదు. ఆండ్రాయిడ్ 10 (2019) నిబంధన యింకను తీవ్రము: ఆ కూర్పునకై సిద్ధపఱచిన యాప్ తాను వ్రాయదగిన స్వంతగదిలోని ఫైలును ప్రోగ్రాముగా నడపరాదు. వ్రాయునది నడువదు, నడచునది వ్రాయబడదు.

తలిదండ్రు లిచ్చట నొక సంగతి గమనింపవలెను. వాట్సాపులో నెవరో పంపిన 'ఏపీకే' ఫైలును ఫోనులో నెక్కించుకొనుట మా యూళ్లలో వాడుకయైనది. ప్రసిద్ధమైన యాపును దిద్ది, ప్రకటనలు తీసివేసితిమని చెప్పి పంచువా రున్నారు. దిద్దినప్పుడు తొలి రచయిత ముద్ర చెడును గనుక, దిద్దినవాడు తన ముద్ర వేయవలసినదే. అసలు యాపు ఫోనులో నుండగా దానిపై నీ ఫైలు నెక్కించబోయినచో, ముద్రలు కలియలేదని ఫోను నిరాకరించును. అప్పుడు 'పాతదానిని తీసివేసి దీనిని ఎక్కించుడు' అని సలహా వచ్చును. ఆ సలహా పాటించినవారు తమ ఫోనులోని కావలివానిని తామే పంపివేసినవా రగుదురు.

అయినను ముద్రకును అంచులు కలవు. ఆథెంటికోడ్ లెక్క కట్టునప్పుడు ముద్ర యుండు చోటును విడిచిపెట్టును. ముద్ర తన్ను తానే లెక్కించుకొనజాలదు గదా. ఆ చోటనున్న ఖాళీలో నేదైన వ్రాసినను ముద్ర చెల్లుచునే యుండును. కొందఱు గౌరవస్థులైన వ్యాపారులు సైతము వాడుకరి ఏ దారిని వచ్చెనో తెలుపు గుఱుతులను అచ్చట నుంచుచుండిరి. ఇదియును ఆ పాత యాచారమే, చెట్టు నఱికినను వేరు చిగిర్చినట్లు. 2013 డిసెంబరులో మైక్రోసాఫ్టువారు ఈ ఖాళీని మూయు పరీక్ష నొకదానిని బ్రకటించి, దానిని అందఱికి వర్తింపజేయ సంకల్పించి, వాడుకలో నున్న ప్రోగ్రాములు చెడునని తెలిసి 2014లో దానిని ఐచ్ఛికముగా విడిచిరి. 2023 మార్చిలో 3సీఎక్స్ అను ఫోను ప్రోగ్రామును చెఱచిన దుర్మార్గులు, మైక్రోసాఫ్టు ముద్రగల యొక ఫైలులో సరిగా నీ చోటనే తమ గుప్తాజ్ఞలను దూర్చిరి. విండోస్ ఆ ముద్ర సరియైనదనియే చెప్పినది. సౌకర్యముకొఱకు విడిచిన సందు ఎంత సన్ననిదైనను, దానిలో దూరువాని కది చాలును.

ఇంతవఱకు నవీనుల పక్షమున మాటలాడితిమి. వారిపై మాకును ఫిర్యాదు గలదు. ఆజ్ఞలను అమరికలను విడదీసిన పిమ్మట, అమరికల నెక్కడ నుంచవలెనను విషయమున వారికి నియమము లేకపోయినది. విండోస్ మొదటినుండి 'ఇని' ఫైళ్లుండెను. వానిని చేతితో తెఱచి చదువవచ్చును, దిద్దవచ్చును. తరువాత రిజిస్ట్రీ యను మహాభాండారము వచ్చి, వేలకొలది ప్రోగ్రాముల యమరికలు అందులో గలిసిపోయినవి. అందులో తన దేదియో వాడుకరి యెఱుగడు. ఇప్పుడు సగము ఫోనులో, సగము దూరదేశపు సర్వరులో. క్రొత్త ఫోను కొనిన దినమున మన యలవాట్లను తిరిగి నేర్పుటకు ఒక సాయంకాలము పట్టును. నేర్పిన యలవాట్లను మనకంటె ముందుగా నెవరెవరు చదివిరో తెలియదు. పూర్వపు ప్రోగ్రాము అమరికలను తప్పుచోట నుంచినదేమో గాని, అవి మన డిస్కుమీదనే, మన చేతిలోనే యుండెను. కావున, వేఱుగా నుంచుట మంచిదే. కాని వేఱుగా నుంచిన ఫైలు వాడుకరికి తెలిసిన చోట, మనుష్యుడు చదువదగిన యక్షరములలో నుండవలెనని మా వాదము.

ఆ పాత సుఖమును మఱువలేక దానిని సక్రమముగా దిరిగి సాధించినవారును లేకపోలేదు. 2004లో జెరమీ రస్టన్ రచించిన టిడ్లీవికీ యను నోటుపుస్తకము ఒకే ఫైలు. దానిలో వ్రాసినదంతయు, వ్రాయు సాధనముతోసహా, ఆ ఫైలు క్రొత్త ప్రతిగా భద్రపఱుపబడును. 2021లో జస్టిన్ టన్నీ వెలువరించిన రెడ్‌బీన్ అను చిన్న సర్వరు, తాను పంచవలసిన పుటలను తన ఫైలులోనే జిప్ రూపమున దాచుకొనును. లినక్సు తొలికాలమున ఆర్‌డెవ్ అను సాధనము, యంత్రము ఏ డిస్కునుండి మేల్కొనవలెనో కెర్నలు ఫైలులోని 508వ స్థానమున రెండు బైట్లలో వ్రాసెడిది. వీరు తెలిసి చేసినవారు; ఒక ఫైలు, ఒక యజమాని యను పాత నిబంధనను విడువనివారు. అట్టివారిపై మాకు ఆక్షేపణ లేదు.

మా పదవ తరగతి విద్యార్థి తన ప్రోగ్రామును తిరిగి వ్రాసినాడు. మార్కులిప్పుడు 'మార్కులు' అను పేరుగల వేఱు ఫైలులో మూడు పంక్తులుగా నున్నవి: పేరు, తేదీ, సంఖ్య. దానిని మరునాడే యెవరో తెఱచి తన పేరున 9,999 అని వ్రాసికొనిరి. అందుచేత, మార్కులపై ముద్ర యెట్లు వేయవలెనో యిప్పు డతడు నేర్చుకొనుచున్నాడు. పాత ప్రతిని మేము చెఱుపలేదు. నెట్‌వర్కుతో సంబంధము లేని యొక యంత్రములో దానిని, దానితో హెక్స్ ఎడిటరును ఉంచితిమి. ఆ రెండు బైట్లెక్కడ నున్నవో కనుగొనగోరువారు శనివారము మధ్యాహ్నము రెండు గంటలకు రావచ్చును. కాగితమును పెన్సిలును తెచ్చుకొనవలెను. పదునాఱింటి లెక్క అచ్చటనే నేర్పబడును.